కూలికి తెడ్డేసినవాడికి పందెంలో చోటు లేదన్నారు
(ఆట - అంటు: 9వ భాగం)

1879లో ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున హెన్లీ అనే ఊళ్ళో పడవ పందేలు జరిపించే పెద్దలు కూర్చుని ఒక నియమం రాసుకున్నారు. మా పందేల్లో ఎవరు పాల్గొనవచ్చు, ఎవరు పాల్గొనకూడదు అనేది ఆ నియమం. డబ్బు కోసం పందెం వేసినవాడు వద్దు అన్నారు. సరే, అర్థం చేసుకోవచ్చు. అక్కడితో ఆగలేదు. కూలికో జీతానికో చేతిపని చేసేవాడు, చేతివృత్తివాడు, యంత్రాల దగ్గర పనిచేసేవాడు, ఇప్పుడు మానేసినా సరే ఒకప్పుడు చేసినవాడు కూడా పనికిరాడు అని రాశారు. 1882లో ఏర్పడిన దేశస్థాయి రోయింగ్ సంఘం కూడా ఇదే దారిలో నడిచింది. నీచమైన పనులు అనుకునేవి చేసేవాళ్ళను సైతం ఆ జాబితాలో కలిపింది.

నాలుగో భాగంలో నేను రాసిన మాట గుర్తుందా మిత్రులారా? మనదగ్గర అంటు నోటిమాటగా ఉంటుంది, కాగితం మీద దొరకదు, అందుకే కోర్టులో రుజువు చెయ్యలేం అన్నాను. ఇంగ్లీషువాళ్ళు ఆ మొహమాటం కూడా పడలేదు. రూల్ బుక్కులో అచ్చేశారు. అందుకే ఈ వారం ఆ పుస్తకం తెరుస్తున్నాను.

నియమం రాసింది రోయింగ్ వాళ్ళు. నేను చెప్పబోయేది ఎక్కువగా కెనూ, కయాక్ పందేల గురించి. ఈ మూడూ ఒకటి కాదు. రోయింగులో మనిషి వెనక్కి తిరిగి కూర్చుంటాడు, తెడ్లు పడవకి బిగించి ఉంటాయి. కెనూ, కయాక్‌లలో మనిషి ముందుకు చూస్తాడు, తెడ్డు చేతిలోనే ఉంటుంది. కయాక్‌లో కాళ్ళు చాపుకుని కూర్చుని రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వేస్తారు. పందెం కెనూలో ఒక మోకాలి మీద నిలబడి ఒకే రెక్క ఉన్న తెడ్డు ఒకే వైపు వేస్తారు. పడవలు వేరైనా అప్పటి ఇంగ్లండులో నది ఒకటే, పెద్దమనుషులు ఒకటే, వాళ్ళు వాడిన మాట కూడా ఒకటే. అమెచూర్.

ఈ మాట మూలం లాటిన్‌లో ఉంది. ప్రేమించేవాడు అని అర్థం. ఆటని ఆటకోసమే ప్రేమించేవాడు అమెచూర్ అన్నమాట. అంటే ఆ నియమాన్ని తెలుగులో విడమరిస్తే ఇదీ: ఒంటి కష్టంతో బతికేవాడికి ప్రేమించే అర్హత లేదు. వాడి చెయ్యి ఒకసారి కూలికి అమ్ముడుపోయింది, ఇక ఆ చెయ్యి ఆటకు మైల.

*

ముందు ఈ పడవలు ఎవరివో చూద్దాం.

కయాక్ ఆర్కిటిక్ మంచునేలల్లో బతికే ఇన్యూట్ ప్రజలది. చెట్లు మొలవని నేల అది. సముద్రంలో కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకతో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మం బిగించేవాళ్ళు. ఆ పడవని వేటగాడి ఒంటి కొలతల మీదే కట్టేవాళ్ళు. చొక్కా కుట్టించుకున్నట్టు. పడవ బోల్తాపడితే అందులోంచి బయటకు రాకుండానే తిరిగి నిటారుగా లేచే పద్ధతి కూడా వాళ్ళదే. ఆ చల్లటి నీళ్ళలో ఈదుకుంటూ ఒడ్డుకు చేరేంతసేపు మనిషి బతకడు కాబట్టి అది విద్య కాదు, ప్రాణం. వాళ్ళకి ఇంకో పడవ ఉంది, ఉమియాక్. పెద్దది, సామాన్లూ పిల్లలూ కుటుంబమంతా పట్టేది. దాన్ని చాలాచోట్ల ఆడవాళ్ళ పడవ అనేవాళ్ళు, ఆడవాళ్ళే నడిపేవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

కెనూ అనే మాట కరీబియన్ దీవుల మూలవాసులది. కొలంబస్ మనుషులు వాళ్ళ నోట విని స్పానిష్‌లోకి తీసుకుపోయారు. అక్కణ్ణుంచి యూరప్ భాషలన్నిటికీ పాకింది. ఆ మాట ఇచ్చిన ప్రజలు కొన్ని దశాబ్దాల్లోనే రోగాలకీ వెట్టిచాకిరీకీ కత్తికీ బలై దాదాపు కనపడకుండా పోయారు. మాట బతికింది. భాషాసాహిత్యాలు చదువుకున్నదాన్ని కనుక నాకు ఇలాంటి మాటలు ఎదురైనప్పుడల్లా గుండె ఆగినట్టవుతుంది. నిఘంటువులో ఒక పదం వెనక ఒక జాతి సమాధి ఉంటుంది.

ఉత్తర అమెరికా అడవుల్లో బిర్చ్ చెట్టు బెరడుతో కట్టిన కెనూ ఇంకో అద్భుతం. ఒక్క మనిషి భుజాన వేసుకుని అడవి దాటించగలిగేంత తేలిక. చిరిగితే అదే అడవిలో దొరికే బెరడు, వేర్లు, బంకతో బాగుచేసుకోవచ్చు.

మనకి మాత్రం లేవా? కొల్లేట్లో తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఉంది. రెండు దోనెలు జతకడితే సంగడి. నదుల మీద పుట్టి ఉంది, తెప్ప ఉంది. తాటిదోనె మీద నిలబడి ఒక్క గెడకర్రతో పోయే మనిషిని చూడండి. ప్రపంచంలో ఏ క్లబ్బులోనైనా బ్యాలెన్స్ నేర్పడానికి నెలలు పడుతుంది.

ఇక్కడ నా సబ్జెక్టు నుంచి ఒక మాట. మన ప్రబంధాలకి పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్నారు. అందులో జలక్రీడ ఒకటి. నీళ్ళలో ఆడుకునే రాజులు, రాణులు, చెలికత్తెలు మనకి పుటలకొద్దీ కనపడతారు. నీళ్ళమీద పనిచేసే మనిషికి మాత్రం ఆ పద్దెనిమిదిలో ఒక్క అంశం లేదు. గుహుడు ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు, రాముణ్ణి నది దాటించినందుకు, భక్తుడైనందుకు ఉన్నాడు. అతని తెడ్డు పనితనం గురించి ఎవరికీ ఆసక్తి లేదు. హైలెస్సా అనే కేక మాత్రం మన సినిమా పాటల్లోకి వచ్చింది. ఆ కేక వేసిన గొంతు రాలేదు. హెన్లీ పెద్దలు 1879లో కాగితమ్మీద పెట్టిన విభజన మన కావ్యాల్లో ఎప్పుడో జరిగిపోయింది. నీళ్ళలో ఆడేవాళ్ళు వేరు, నీళ్ళమీద బతికేవాళ్ళు వేరు.

*

తెల్లవాళ్ళు కెనడా అడవుల్లోకి ఉన్ని చర్మాల వ్యాపారం కోసం వచ్చినప్పుడు వాళ్ళకి రోడ్లు లేవు, గుర్రాలు పనికిరావు. మూలవాసుల కెనూ ఒక్కటే దారి. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ, ఆ తర్వాత దానికి పోటీ వచ్చిన కంపెనీలు సంపాదించిన సొమ్మంతా నీళ్ళమీద తెడ్డు వేసి తెచ్చిందే. పదకొండు మీటర్ల పొడవున్న కెనూలు, టన్నులకొద్దీ సరుకు. తెడ్డు వేసింది ఫ్రెంచి కూలీలు, మిశ్రమ సంతతి మెతీలు, మూలవాసులు. నీళ్ళు దాటలేనిచోట పడవనీ మూటల్నీ వీపున మోసింది కూడా వాళ్ళే.

మాంట్రియల్ పక్కన సెయింట్ లారెన్స్ నది ఒడ్డున కానావాకే అనే ఊరుంది. మోహాక్ ప్రజల ఊరు. ఆ ఊరి మగవాళ్ళు లషీన్ సుడుల్లోంచి తెప్పల్నీ పడవల్నీ దాటించడంలో పేరుమోసినవాళ్ళు. ఎంత పేరంటే, 1884లో బ్రిటిష్ సైన్యం సూడాన్‌లోని ఖార్టూమ్‌లో చిక్కుకుపోయిన జనరల్ గోర్డన్‌ని రక్షించడానికి నైలు నది ఎదురెక్కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఆ సుడులూ బండలూ దాటించడానికి కెనడా నుంచి దాదాపు నాలుగు వందలమంది పడవవాళ్ళని కూలికి పిలిపించింది. అందులో అరవైమంది దాకా కానావాకే మోహాకులు. వాళ్ళలో లూయీ జాక్సన్ అనే ఆయన తిరిగొచ్చాక ఆ ప్రయాణం గురించి చిన్న పుస్తకం కూడా రాశాడు, 1885లో అచ్చయింది. సైన్యం ఖార్టూమ్ చేరేసరికి రెండు రోజులు ఆలస్యమైపోయింది, గోర్డన్ చనిపోయాడు. ఆ కథ వదిలేద్దాం. నేను చెప్పేది ఇది. సామ్రాజ్యం ప్రాణమ్మీదికి వచ్చినప్పుడు ప్రపంచంలోకెల్లా గొప్ప తెడ్డుపనివాళ్ళు ఎవరో వాళ్ళకి బాగా తెలుసు. అదే 1884లో అదే థేమ్స్ మీద పందేనికి వస్తే ఆ మోహాకులు కూలికి తెడ్డేసినవాళ్ళు కాబట్టి నియమం ప్రకారం అనర్హులు.

యుద్ధానికి పనికొచ్చే చెయ్యి పందేనికి పనికిరాదు.

*

ఈ మధ్యలోనే కెనూ పెద్దమనుషుల సరదాగా మారింది.

1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు బారిస్టరు ఓక్ చెక్కతో, దేవదారు పైకప్పుతో ఒక చిన్న పడవ చేయించుకున్నాడు. రెండు రెక్కల తెడ్డు, చిన్న తెరచాప. దానికి రాబ్ రాయ్ అని పేరు పెట్టుకుని యూరప్ నదులమీద తిరిగొచ్చి 1866లో పుస్తకం రాశాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది కెనూ క్లబ్ పుట్టింది, 1867లో పందేలు మొదలయ్యాయి, యువరాజు దానికి అధిపతి అయ్యాడు, 1873లో రాయల్ అనే బిరుదు వచ్చింది. అట్లాంటిక్ అవతల 1880లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ దగ్గర అమెరికన్ కెనూ అసోసియేషన్ పుట్టింది. ఈరోజు ప్రపంచమంతా ఉన్న క్లబ్బు పందేలకి ఇవి తొలి ఇళ్ళు.

మెక్‌గ్రెగర్ చెడ్డవాడని నేననడం లేదు. లండను వీధిపిల్లల బళ్ళకోసం, బూట్లు తుడుచుకుని బతికే కుర్రాళ్ళకోసం పనిచేసినవాడు, పుస్తకాలమీద వచ్చిన సొమ్ము దానధర్మాలకి ఇచ్చినవాడు. అయితే చూడండి, ఆయన దయలో బూట్లు తుడిచే కుర్రాడు ఉన్నాడు, ఆయన మొదలెట్టిన క్లబ్బు మాత్రం పెద్దమనుషుల క్లబ్బు. దయ చూపడానికి ఎదుటివాడు కిందే ఉండాలి. పక్కపక్క లేన్లలో పందెం వెయ్యాలంటే ఇద్దరూ ఒకే మట్టం మీద ఉండాలి. నీళ్ళకి ఒకటే మట్టం. అదే వాళ్ళ ఇబ్బంది.

*

రెండేళ్ళ కిందటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి కయాక్ సెలెక్షన్స్ ఉన్నాయని పేపరు ముక్క పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. లంక ఊరి అమ్మాయి, మాల పల్లె. చిన్నప్పటి నుంచీ పడవమీదే బడికి వచ్చింది. కాలేజీ నుంచి ఒక లెటరు మీద సంతకం కావాలి, అంతే. సంతకం పెట్టాల్సిన పెద్దాయన ఆ కాగితం చూసి నవ్వి, "పడవ తొయ్యడం మీవాళ్ళకి పనేగానమ్మా, దానికి మళ్ళీ సెలెక్షనేంటి?" అన్నాడు. గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. సంతకం అవకపోలేదు, అయింది. ఎనిమిది రోజుల తర్వాత. అప్పటికి సెలెక్షన్స్ అయిపోయాయి.

నేను పోట్లాడాను, కాగితాలు పెట్టాను, అదంతా వేరే కథ. ఆ సాయంత్రం వరండాలో ఆ పిల్ల అన్న మాటే నాకు ముఖ్యం. "పనైతే కూలుంటది కద మేడమ్. మా నాన్నకి తెడ్డేసినందుకు ఎవురూ కూలియ్యరు. అది మాకు పనీ కాదు, ఆటా కాదు. దారి."

నా పిహెచ్‌డి మొత్తంలో ఇంత చిన్న వాక్యంలో ఇంత విషయం నేను రాయలేదు. పని, ఆట అనే రెండు గదులు కట్టింది తీరిక ఉన్నవాళ్ళు. ఇన్యూట్ వేటగాడికీ కానావాకే పడవవాడికీ కొల్లేటి దోనె మనిషికీ ఆ రెండు గదులు లేవు. వాళ్ళ దారిని ఒకడు పని అని పేరుపెట్టి కూలికి కొన్నాడు, ఇంకొకడు ఆట అని పేరుపెట్టి క్లబ్బు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇద్దరూ ఒకటై, పని చేసేవాడు ఆటకి రాకూడదన్నారు.

*

మళ్ళీ ఆ రూల్ బుక్కు దగ్గరికి వద్దాం, ఎందుకంటే అది కూలిన కథ కూడా మనకి కావాలి.

మొదటి దెబ్బ కొట్టినవాళ్ళలో ఒక సాహిత్య పండితుడున్నాడు. ఫ్రెడరిక్ ఫర్నివాల్. ప్రాచీన ఇంగ్లీషు గ్రంథాలు వెలికితీసి అచ్చువేయడానికి 1864లో సంఘం పెట్టినవాడు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకి తొలి రోజుల్లో సంపాదకత్వం చేసినవాడు. కార్మికుల కాలేజీలో పాఠాలు చెప్పి, తన విద్యార్థులతో కలిసి పడవ నడిపేవాడు. తన విద్యార్థులకి పందెంలో చోటు లేదన్న నియమం ఆయనకి ఒళ్ళు మండించింది. 1890లో కార్మికుల్ని చేర్చుకునే వేరే సంఘం పుట్టడంలో ఆయనదే పెద్ద చెయ్యి. 1896లో హామర్‌స్మిత్‌లో ఆడపిల్లలకోసం పడవల క్లబ్బు పెట్టాడు, టీ దుకాణాల్లో వడ్డించే అమ్మాయిలు అందులో తెడ్లు పట్టారు. పాత తాళపత్రాలు చదివే పండితుడు బతికున్న మనిషి వైపు నిలబడటం వింతేం కాదు. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో అది ఎందుకు అరుదో మీరే ఆలోచించుకోండి.

1920లో అమెరికా నుంచి జాన్ కెల్లీ అనే అతను హెన్లీ డైమండ్ స్కల్స్ పందేనికి పేరు పంపాడు. ఐరిష్ వలస కుటుంబం, ఇటికల పని చేసిన తాపీమేస్త్రి. పేరు తిప్పి పంపారు. అతని క్లబ్బు మీద ముందే నిషేధం ఉందన్నది ఒక కారణం, చేతిపని చేసినవాడు కావడం రెండో కారణం. ఆ ఏడాది డైమండ్ స్కల్స్ గెలిచింది ఇంగ్లీషువాడు జాక్ బెరెస్‌ఫర్డ్. కొన్ని వారాలకే ఆంట్వెర్ప్ ఒలింపిక్స్ ఫైనల్లో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. కెల్లీ ఒక సెకను తేడాతో గెలిచాడు. అరగంట ఆగి ఇంకొకరితో జతగా రెండో స్వర్ణం కూడా గెలిచాడు. నీళ్ళు ఎవరి పుట్టుకా అడగలేదు.

అయినా నియమం పోలేదు. 1936లో ఆస్ట్రేలియా నుంచి బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్తున్న పోలీసుల జట్టు హెన్లీలో పాల్గొంటామంటే, పోలీసు పని కూడా చేతిపనే అని రానివ్వలేదు. ప్రపంచమంతా నవ్వింది. 1937లో ఆ మాటలు కొట్టేశారు. 1947లో జాన్ కెల్లీ కొడుకు అదే హెన్లీకి వచ్చి అదే డైమండ్ స్కల్స్ గెలిచాడు, 1949లో మళ్ళీ గెలిచాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ కథ వినగానే చాలామంది మిత్రులు నా దగ్గర అనేమాట ఒకటుంది. "చూశారా, వాళ్ళకీ కులం ఉండేది, పోయింది, మనదీ పోతుంది" అని. తొందరపడొద్దు. కెల్లీ తాపీ పని చేశాడు కాబట్టి అనర్హుడు. కొడుకు ఆ పని చెయ్యనివాడైతే ఆ పాత నియమం ప్రకారం కూడా అర్హుడే. అంటే తండ్రి పని కొడుకు ఒంటికి అంటుకోలేదు. మనదగ్గర అంటుకుంటుంది. ఆ అమ్మాయి ఏనాడూ కూలికి తెడ్డు వెయ్యలేదు, అయినా "మీవాళ్ళకి పనేగా" అనేశారు. ఇంగ్లండు నియమం మనిషి చేసిన పనిని చూసింది. మన నియమం పని చెయ్యకపోయినా మనిషిని చూస్తుంది. కులం పని విభజన కాదు, పనిచేసేవాళ్ళ విభజన అని బాబాసాహెబ్ వివరించింది సరిగ్గా ఆ 1936లోనే, కుల నిర్మూలన ప్రసంగంలో. ఆ ప్రసంగం చెయ్యడానికి కూడా ఆయన్ని రానివ్వలేదు, తన ఖర్చుతో అచ్చువేసుకున్నాడు.

రెండో భాగంలో పల్వంకర్ బాలూ గురించి రాశాను. పుణె క్లబ్బులో పిచ్ చదునుచేస్తూ దొరలకి నెట్స్‌లో బంతులు వేసినవాడు, 1911 ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీసినవాడు. అతనికి టీ పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చేవాళ్ళు. బౌలింగు ఎంత ప్రేమించినా ముంత మారలేదు చాలాకాలం. నియమం రాసి ఉంటే కొట్టెయ్యొచ్చు. ముంతని ఏ కాగితమ్మీద కొట్టేస్తాం?

*

కయాక్, కెనూ పందేలకి అంతర్జాతీయ సంఘం 1924లో కోపెన్‌హేగెన్‌లో ఏర్పడింది. ఆ ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన పోటీగా చూపించారు. పతకాల పోటీగా మొదటిసారి పెట్టింది 1936లో, బెర్లిన్‌లో. హిట్లర్ బెర్లిన్. దానికి మూడేళ్ళ ముందే, 1933లో, జర్మనీ క్రీడా క్లబ్బుల్లోంచి యూదుల్ని గెంటేశారు. ఇన్యూట్‌ల పడవకీ మూలవాసుల పడవకీ ఒలింపిక్ తలుపు తెరుచుకున్న చోటు అలాంటిది. అక్కడ కెనడాకు వచ్చిన ఒకే ఒక్క స్వర్ణం ఫ్రాంక్ ఎమియట్‌ది, ఒంటరి కెనూ 1000 మీటర్లలో. దేశానికి కెనూ గర్వకారణమైంది. అదే కాలంలో అదే దేశంలో మూలవాసుల పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకుపోయి, తమ భాష మాట్లాడితే కొట్టే వసతి బడుల్లో పెడుతున్నారు. పడవ కావాలి, పడవవాళ్ళ భాష వద్దు.

ఇప్పుడు మళ్ళీ కానావాకే ఊరు. 1950లలో సెయింట్ లారెన్స్ జలమార్గం తవ్వారు, 1959లో తెరిచారు. పెద్ద ఓడల కాలువకోసం ఊరి భూమి తీసుకున్నారు, ఊరికీ నదికీ మధ్య కాలువ వచ్చి పడింది. నదిమీద బతికిన ఊరిని నది నుంచి విడదీశారు. పోలవరం ముంపు ఊళ్ళు చూసినవాళ్ళకి నేను వేరే వివరించక్కర్లేదు.

సరిగ్గా ఆ తవ్వకాల రోజుల్లో, 1957లో, ఆ ఊళ్ళో ఆల్విన్ మోరిస్ పుట్టాడు. అప్పటికి కెనడాలో మూలవాసులు తమ హోదా వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వేసే వీల్లేదు, అది 1960లో వచ్చింది. మోరిస్ కానావాకే ఊరివాళ్ళ ఓనాకే ప్యాడ్లింగ్ క్లబ్బులో ఎదిగాడు. గట్టి శిక్షణ కోసం దేశం ఆ చివర, బ్రిటిష్ కొలంబియాకి వెళ్ళాడు. హ్యూ ఫిషర్‌తో జతకట్టాడు. 1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో ఇద్దరి కయాక్ 1000 మీటర్లలో స్వర్ణం, 500 మీటర్లలో కాంస్యం గెలిచారు.

పతకం వేసుకుని నిలబడ్డప్పుడు మోరిస్ చేతిలో గద్ద ఈక ఒకటి ఉంది. దాన్ని పైకెత్తి చూపించాడు. తనని ఈ దారిలో నడిపించిన తాతకి గౌరవంగా, తన ప్రజలందరి తరఫున. నైలు సుడులు దాటించిన అరవైమందికి నూరేళ్ళ తర్వాత, లెక్కగా నూరేళ్ళకే, అదే ఊరి మనిషి. ఈసారి కూలివాడిగా కాదు. ఆ ఈక ఎత్తిన క్షణం వీడియో దొరికితే చూడండి. ఆ ఈకకి బరువు లేదు, అది మోసిన బరువు మాత్రం చాలా.

*

ఉమియాక్‌ని గుర్తుపెట్టుకోమన్నాను. ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో కయాక్ పందెం 1948లో ఇచ్చారు, ఒకటే ఒకటి, 500 మీటర్లు. కెనూ మాత్రం ఇవ్వలేదు. మోకాలిమీద ఒకవైపే తెడ్డు వేస్తే ఆడవాళ్ళ ఒంటికి మంచిది కాదని, గర్భసంచికి హాని అని పెద్దలు చెప్పుకొచ్చారు. ఎంతకాలం? 2010లో ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళ కెనూ వచ్చింది. ఒలింపిక్స్‌లో వచ్చింది 2021లో, టోక్యోలో. 1936 నుంచి లెక్కేస్తే ఎనభై అయిదేళ్ళు. స్ప్రింట్ కెనూలో మొదటి స్వర్ణం అమెరికా అమ్మాయి నెవిన్ హారిసన్‌ది. మోకాళ్ళ నీళ్ళలో రోజంతా వంగి నాట్లు వేసిన మా అమ్మమ్మ ఒంటి గురించి ఏ పెద్దా ఇంత బెంగపడలేదు. ఆడదాని ఒళ్ళు పనిలో ఉన్నంతసేపు ఎవరికీ సుకుమారం కాదు, పతకం దగ్గరికి వచ్చేసరికే సుకుమారం అవుతుంది.

*

మరి క్లబ్బులు వద్దా? కావాలి. గట్టిగా కావాలి. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇంగ్లండులోనే ఇప్పుడు క్లబ్బుల మధ్య జరిగే హాస్లర్ ట్రోఫీ దూరపు పందేల పద్ధతి చూడండి. తొమ్మిది డివిజన్లు ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళు తొమ్మిదిలో మొదలై, వేగం పెరిగేకొద్దీ పై డివిజన్‌కి పోతారు. పదిహేనేళ్ళ పిల్ల, అరవయ్యేళ్ళ ముసలాయన ఒకే డివిజన్‌లో పక్కపక్కన పందెం వేస్తారు, ఎందుకంటే వాళ్ళ సమయం ఒకటే. ఛాంపియన్ గెలిచిన పాయింట్లే కాదు, అడుగు డివిజన్‌లో కొత్తవాళ్ళు తెచ్చిన పాయింట్లు కూడా క్లబ్బు ఖాతాలోకే. అంటే కొత్తవాడికి బాగా నేర్పిన క్లబ్బే పైకి వస్తుంది. కింద మొదలెట్టినవాడు అక్కడే పడుండాలని లేదు, పుట్టుకతో కాదు, గడియారంతో పైకి పోతాడు. పందెం మధ్యలో లాకులు అడ్డొస్తే దిగి పడవ భుజాన వేసుకుని పరుగెత్తాలి. పెద్దమనిషైనా మొయ్యాల్సిందే. ఒకప్పుడు కూలివాళ్ళ వీపుమీద సాగిన ఆ మోత ఇప్పుడు పందెంలో భాగం.

మనదేశంలో ఈ ఆట బతికింది ఎక్కువగా సైన్యం, పోలీసు జట్ల దగ్గర, కొన్ని రాష్ట్రాల సరస్సుల దగ్గర. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో ఇద్దరి కెనూలో కాంస్యం వచ్చింది. మళ్ళీ అదే పోటీలో కాంస్యం రావడానికి 2023 హాంగ్‌జౌ దాకా ఆగాల్సి వచ్చింది, అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జంటకి. ఆ సునీల్ మణిపూర్ లోక్‌తక్ సరస్సు వైపు పిల్లాడు. నీళ్ళ పక్కన పుట్టినవాళ్ళ చేతికి పందెం పడవ అందితే ఏమవుతుందో ఇది చెబుతుంది. అదే హాంగ్‌జౌ పారా క్రీడల్లో ప్రాచీ యాదవ్ కయాక్‌లో స్వర్ణం తెచ్చింది. నేలమీద నడవలేకపోయినా నీళ్ళమీద ఆమెని ఆపగలిగినవాళ్ళు ఆరోజు లేరు.

మనకి గోదావరి, కృష్ణ ఉన్నాయి. కాటన్ కాలంనాటి కాలువలున్నాయి, తెలంగాణలో చెరువులు, రిజర్వాయర్లు ఉన్నాయి. ఈమధ్య సంక్రాంతికి కోనసీమలో పడవ పందేలు పెడుతున్నారు, మంచిదే. కానీ మూడు రోజుల పండగ వేరు, ఏడాది పొడుగునా తెరిచి ఉండే క్లబ్బు వేరు. పందెం కయాక్ అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పొడవు, పన్నెండు కిలోల బరువు, కార్బన్‌తో చేస్తారు. లంక పల్లెల్లో ఎవరూ సొంతానికి కొనుక్కోలేరు. కొననక్కర్లేదు కూడా, క్లబ్బు పడవ అందరిదీ అయితే చాలు. కాబట్టి నేనడిగేవి మూడే. ఒకటి, పడవలు క్లబ్బువై ఉండాలి, తాళంచెవి ఒక్క కుటుంబం దగ్గర ఉండకూడదు. రెండు, సెలెక్షన్స్ ప్రకటన పల్లెల్లోని బళ్ళకీ ప్రభుత్వ కాలేజీలకీ నెల ముందు చేరాలి, సంతకం పెట్టేవాడికి గడువు ఉండాలి. మూడు, దోనె మీద పెరిగిన పెద్దవాళ్ళని అక్కడ కోచ్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలి, వాచ్‌మన్‌గా కాదు.

1927లో మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ముంచినప్పుడు ఆ నీళ్ళు దాహానికే కాదు. అందరిలాగే మేమూ ముట్టుకుంటాం అని చెప్పడానికి. నీళ్ళు తాగే హక్కు, నీళ్ళు దాటే హక్కు, నీళ్ళమీద గెలిచే హక్కు ఒకే హక్కుకి మూడు పేర్లు. మొదటిదానికోసం మన తాతలు దెబ్బలు తిన్నారు. మూడోదాన్ని మన పిల్లలు స్టార్టింగ్ లైను దగ్గర అడుగుతున్నారు.

మీ ఊరి పక్కన కాలువో చెరువో ఉంటే, అక్కడ పడవ బాగా నడిపే మనిషి పేరు, వయసు ఆయన్నడిగి, ఒప్పుకుంటేనే, నాకు మెసేజ్ చెయ్యండి. జాబితా ఒకటి మొదలుపెట్టాను. వచ్చే భాగంలో వెయిట్ లిఫ్టింగ్ గురించి, బరువులు మోసే కులాలు బరువులెత్తే ఆటలోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో రాస్తాను.

జై భీమ్.